సోమమ్మ చెవిలో మోత

ఎల్బీనగర్ చౌరస్తాలో కోఠి బస్సు ఎక్కగానే సోమమ్మ కళ్లు ఇంజను పక్క సీటును వెతికేవి. ఎండాకాలంలో ఆ సీటు ఎవరికీ వద్దు. ఇంజను మూత కాక కాళ్లకు కొడుతుంది, డీజిలు కంపు ముక్కులో దూరుతుంది, కుదుపులకు పళ్లు కూడా టకటకలాడతాయి. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా సోమమ్మ అక్కడే కూలబడేది. కండక్టరు "ఎక్కడికమ్మా?" అంటే "ఆఖరు దాక" అనేది. కోఠిలో దిగి ఒక చాయ్ తాగి, తిరుగు బస్సెక్కి, మళ్లీ ఇంజను పక్కనే కూర్చుని ఇంటికొచ్చేది. చేతిలో కూరగాయల సంచి ఉండదు, చుట్టాలింటికి పోయొచ్చిన జాడ ఉండదు. మరి ఎందుకు పోతున్నట్టు? కాలనీలో ఆడవాళ్లకు నల్లా దగ్గర ఇదే మాట. ఎవరికో చీటీ కడుతోందని ఒకావిడ, కోర్టు పని పడిందని ఇంకొకావిడ. పిల్ల సంబంధం చూస్తోందని మూడో ఆవిడ అంటే, "ఆమెకు పిల్లలెక్కడున్నరే!" అని నలుగురూ నవ్వుకున్నారు.

ఎవరి ఊహకూ అందని సంగతి ఒకటే. సోమమ్మ బస్సెక్కేది ఇంజను మోత కోసం. ఆ మోతలో కూర్చున్నంతసేపు ఆమె చెవిలో మోత వినపడేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలు పోయి హద్దురాళ్లు మొలుస్తున్న రోజులవి. వనస్థలిపురంలో ఇళ్లు దొరకని ఉద్యోగస్తులు ఆదివారం వస్తే చాలు, పెళ్లాం బిడ్డలతో సహా బస్సు దిగి ప్లాట్లు చూసుకుంటూ తిరిగేవారు. సోమమ్మ మామ గోపయ్యకు ఆ పక్కన భూమి ఉండేది. ఆయన పోయాక ఇద్దరు కొడుకులు మిగిలారు. పెద్దవాడు పాండురంగం, సోమమ్మ భర్త. బర్రెలు, గడ్డివాము, బీడీ తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. చిన్నవాడు యాదగిరి. సఫారీ సూటు, మోటారు సైకిలు, నోట్లో పాన్. భూమి మొత్తం ప్లాట్లు చేసి, తండ్రి పేరు పెట్టి గోపయ్య కాలనీ అన్నాడు. కొనుక్కునేవాళ్లకు చూపించే నక్షాలో ఒక మూల పచ్చరంగు పూసి "ఇది పార్కు, పిల్లలు ఆడుకుంటరు" అని చెప్పేవాడు. తమ్ముడు ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అన్న అక్కడ వేశాడు.

సోమమ్మ మాత్రం భూమి పోయిందని కుంగలేదు. పెరట్లో రెండు బర్రెలున్నాయి. కాలనీలో కొత్తగా దిగిన ఇళ్లకు పాలు ఆమే పోసేది, చల్ల ఆమే చిలికేది. ఆ చల్ల చిలకడంలో ఆమెకొక దర్జా ఉండేది. కుండలోకి తొంగి చూసేది కాదు. కవ్వం తాడు లాగుతూ వీధిలో పోయేవాళ్లందరినీ పలకరిస్తూ ఉండేది. చల్ల పల్చగా ఉన్నంతసేపు ఒక చప్పుడు. వెన్న కట్టే ముందు అది బరువుగా, బొంగురుగా మారుతుంది. ఆ చప్పుడు చెవిన పడగానే, మాట మధ్యలో ఉన్నా సరే, తాడు వదిలేసేది. వెన్న ముద్ద పైకి తేలి ఉండేది. ఒక్కనాడు కూడా తప్పలేదు.

ఆ చెవే పోయింది.

కాలనీకి బావి తవ్వుతున్నారు. రెండు నిలువులు దిగేసరికి అడుగంతా బండ. ఆ చుట్టుపక్కల నేలంతా అంతే, పైన మన్ను, కింద బండ. బండకు చిల్లులు పొడిచి మందు కూరి పేల్చాలి. పేల్చే మనిషి కొండల్ అని తుర్కయంజాల్ వైపువాడు. పేల్చే ముందు ఖాళీ రేకు డబ్బా తీసుకుని టంగుటంగున కొట్టి, ఎర్రగుడ్డ ఊపి, చుట్టూ మనుషులను దూరం పంపడం వాడి పద్ధతి. డబ్బా మోగిందంటే పిల్లలు, మేకలు, కోళ్లు అన్నీ పరుగే.

ఆ ఆదివారం కూడా వాడు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే యాదగిరి ఉరుక్కుంటూ వచ్చాడు. ప్లాట్లు చూడటానికి నాలుగు కుటుంబాలు బస్సు దిగి మలుపులో కనిపిస్తున్నాయి.

"డబ్బా కొట్టకు" అన్నాడు.

"కొట్టకుంటె ఎట్ల పటేలా? ఎవరన్న ఒస్తె?"

"ఎవరొస్తరు గీడికి? ఒక్క పేలుడైతె యాడనో క్వారీల పేలిందనుకుంటరు. డబ్బా మోగితె సీదా ఈడికే ఒస్తరు చూసెతందుకు. గీ బండ చూస్తె ఒక్కడన్న కొంటడా? కానియ్, జల్ది."

కొండల్ ఒత్తికి నిప్పుపెట్టి గట్టు దిగి పరుగెత్తాడు. పనివాళ్లకు చల్ల పోద్దామని సర్వ చంకన పెట్టుకుని సోమమ్మ అటు పక్క నుంచి గట్టెక్కుతూ ఉంది. డబ్బా మోగలేదు కదా అని నిమ్మళంగానే ఎక్కింది.

ఒంటి మీద పెద్ద గాయం లేదు. మోచేయి గీరుకుపోయింది, సర్వ సొట్టపోయింది, చల్ల అంతా కొంగు మీద పడింది. నలుగురూ లేపి కూర్చోబెట్టి ఏదో అడుగుతున్నారు. పెదాలు కదులుతున్నాయి గాని మాట లేదు. ఆ చెవుడు నాలుగైదు రోజులుంది. తర్వాత మాటలు దూరం నుంచి వచ్చినట్టు మెల్లగా వచ్చాయి. వాటితో పాటే ఆ మోతా వచ్చింది. కుడి చెవి లోపల కీ... అని, గడ్డిలో పురుగు అరిచినట్టు, దానికి ఊపిరి తీసుకోవడం కూడా తెలియనట్టు. పదిమంది మాట్లాడుతుంటే వెనక్కి తగ్గేది. ఇల్లు సద్దుమణిగితే చాలు, తలంతా అదే. వెన్న కట్టే చప్పుడు అందక చల్ల చిలికి చిలికి నురగ చేసేది. పాలు పోయించుకునేవాళ్లు "సోమమ్మా, ఏందే, నెయ్యి కమురు వాసనొస్తుంది" అన్నారు. స్టవ్వు మీద వెన్న మరిగే చప్పుడు కూడా ఆమెకు అందడం లేదని వాళ్లకేం తెలుసు!

మొదట యారాలికి చెప్పుకుంది. యాదగిరి పెళ్లాం భూలక్ష్మి చెడ్డదేం కాదు, కాకపోతే ఒక చెవిన పడ్డ మాట ఆమె నోటికి రావడానికి గడియ పట్టదు.

"చెవుల ఎప్పుడు మోగుతనే ఉంటదే భూలచ్చిమి. సన్నగ, గజ్జెల్లెక్క."

"గజ్జెలా!"

ఆ గజ్జెలు సాయంత్రానికి వీధి చివర ఐలమ్మ అరుగెక్కాయి. ఐలమ్మ పాత ఊరి ముసలిది. పొలాల్లో ఏ రాయి కింద ఏ దేవత ఉండేదో ఆమెకే తెలుసని అందరి నమ్మకం. కర్ర పొడుచుకుంటూ వచ్చి సోమమ్మ చెంపలు రెండు చేతులా పట్టుకుంది.

"ఎల్లమ్మనే బిడ్డా. ఎనకట ఆ బావి కాడనే ఉండె తల్లి. బండ లేసింది, తల్లి లేసింది. నీ చెవుల కొలువైంది."

"ఎల్లమ్మ లేదు పుల్లమ్మ లేదు అత్తా. బావిల తూటా పేలింది నా పక్కన. గప్పటిసందే గిట్లుంది."

"ఒద్దనకే! ఆమెను ఒద్దంటె ఇంట్ల అగ్గి పుడ్తది."

పక్కనే నిలబడ్డ యాదగిరి ఈ మాట విన్నాడు. పాన్ ఊసి వచ్చి, పార్కు మూల వైపు కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ మూల మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. మెయిన్ రోడ్డుకు దగ్గర, దుకాణాలకు మల్గీలు కడితే కిరాయిలు పోటెత్తుతాయి. కాని ప్లాట్లు కొన్న ఉద్యోగస్తులు ఊరుకోవడం లేదు, పార్కెప్పుడు చేస్తారని నిలదీస్తున్నారు. గోడ కడితే పడగొడతారు. గుడి కడితే? నెల తిరగకుండా పార్కు మూలలో వేపమొక్క నాటి, నాలుగు రాళ్లు నిలిపి, పసుపు కుంకుమ పూసి, పైన రేకులు వేశాడు. మంగళవారం, శుక్రవారం సోమమ్మను తీసుకొచ్చి ఆ రాళ్ల పక్కన పీట మీద కూర్చోబెట్టడం మొదలైంది. ఆమె తల మీదుగా గంట కట్టారు. వచ్చినవాళ్లంతా ఆ గంట కొట్టి, ఆమె ముందు వంగి, "తల్లి ఏమంటుందమ్మా?" అని అడిగేవాళ్లు. ఒక్కో గంట దెబ్బకు చెవిలోని కీ సూదిలా లోపలికి దిగేది.

"నేను రాను" అంది ఒక మంగళవారం. "గంట కొడితె నా తల పగులుతుంది. యాదగిరీ, నీకు తెల్సు గదా ఇది ఎట్లయిందో."

"నాకేం తెల్సు వదినె? నీకే కోరి ఒచ్చింది తల్లి. మాకెవ్వరికి రాని అదృష్టం."

"కొండల్ చెప్పిండు నాకు, డబ్బా కొట్టద్దన్నదెవరో."

యాదగిరి నవ్వాడు. "కొండల్‌గాడా? వాడు తాగుబోతు. వాణ్ని పనిలకెల్లి తీసేసిన గదా. గందుకే కడుపుమంటతోని చెప్పిండు."

సోమమ్మ భర్త వైపు చూసింది. పాండురంగం బీడీ వైపు చూసుకున్నాడు. తమ్ముడు బయటికి పోయాక, "ఇంట్ల మాట ఇంట్లనే ఉండని" అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి కలిపి మాట్లాడటమే అపురూపం. ఆ అపురూపం తమ్ముడి కోసం ఖర్చు చేశాడు.

ఆమె మొర విన్నది ఒక్క శేషారత్నమే. గుంటూరు వైపు నుంచి వచ్చి పార్కు ఎదుటి ప్లాటులో ఇల్లు కట్టుకున్నారు. భర్తది తపాలా ఆఫీసులో ఉద్యోగం. బస్సులో ఇంజను పక్కన సోమమ్మను చూసి, పక్కనే కూర్చుని, అరగంటలో గుట్టంతా లాగేసింది.

"అయ్యో వదినగారూ, ఇది దేవతేమిటండీ? మా మేనమామ మిల్లులో పనిచేసేవాడు, ఆయనకీ ఇంతే! రేపు నాతో రండి, పెద్ద డాక్టరుకి చూపిద్దాం."

కోఠిలో డాక్టరు చెవిలో లైటు వేసి చూశాడు. ఇనుప చువ్వ లాంటిదేదో కొట్టి చెవి దగ్గర పెట్టాడు. ఇంగ్లీషు కలిపి శేషారత్నంతో చాలాసేపు మాట్లాడాడు. ఆవిడ మెట్ల మీద కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"లోపల నరం దెబ్బతిందట వదినా, ఆ పేలుడుకి. దీంతో ప్రాణానికేం భయం లేదన్నారు. కాని పోదట. మందు లేదట. పెద్ద చప్పుళ్ల దగ్గరకి పోవద్దన్నారు, గంటలూ డప్పులూ అసలే వద్దన్నారు. మరీ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పక్కన చిన్న చప్పుడేదైనా పెట్టుకోమన్నారు. రేడియో లాంటిది."

పోదు అన్నందుకు ఏడుస్తుందనుకుంది శేషారత్నం. సోమమ్మ ఆవిడ రెండు చేతులు పట్టుకుంది.

"పేలుడుకే అయిందన్నడా? గదే మాట అన్నడా డాక్టరు?"

"అదే మాటన్నారు వదినా. నేను విన్నాను కదా!"

"చాలమ్మా. గది చాలు నాకు."

చాలనుకుంది గాని చాలలేదు. మందు లేని రోగానికి ఆమెకు కావలసింది ఒక్క మాట. యాదగిరి తన ముందు నిలబడి, 'వదినె, నా వల్లనే అయింది' అనాలి. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు. అది అంటే గుడి మూలన కూర్చోబెట్టడం ఆగుతుంది, తనను మనిషిగా చూడటం మొదలవుతుంది. ఇంటికొచ్చి డాక్టరు మాట చెప్పింది. యాదగిరి చెప్పులు విడుస్తూ, "డాక్టర్లకు దేవుండ్ల సంగతి ఏం తెల్సు వదినె? ఆషాఢం ఒస్తుంది, బోనాలకు ఒంటిపొద్దులుండు" అని లోపలికి పోయాడు.

ఒక చిన్న రేడియో కొని, స్టేషను పట్టకుండా గుర్రుమనేలా తిప్పి తలగడ పక్కన పెట్టుకునేది. మధ్యాహ్నం కాలనీ బావి మోటారు గది గడప మీద కూర్చునేది. అప్పుడప్పుడూ బస్సు. ఇవే ఆమె మందులు.

ఆషాఢంలో ఆదివారం బోనాలు వచ్చాయి. యాదగిరి సైదాబాద్ నుంచి డప్పులవాళ్లను రెండు జట్లు పిలిపించాడు. వేపమండలు, మామిడాకులు, మైకులో పాటలు. బోనాల కుండలెత్తుకుని ఆడవాళ్లు వరస కట్టారు. పాత ఊరివాళ్లే కాదు, పార్కు కోసం కొట్లాడిన ఉద్యోగస్తుల ఇళ్ల నుంచి కూడా బోనాలు వచ్చాయి. పట్టుచీర కట్టి, నుదుటి నిండా కుంకుమ పెట్టి, సోమమ్మను తెచ్చి రాళ్ల ముందు నిలబెట్టారు. రెండు డప్పులు కుడివైపు, రెండు ఎడమవైపు. వాళ్లు కొట్టేకొద్దీ ఆమెకు నేల ఊగింది, కళ్లు తేలిపోయాయి.

"ఒచ్చింది, ఒచ్చింది! తల్లి ఒచ్చింది!" అని ఐలమ్మ చేతులెత్తింది.

యాదగిరి సైగ చేశాడు. డప్పులు ఆగాయి. మైకు ఆగింది. అంతమంది జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో సోమమ్మ చెవిలోని కీ ఒక్కసారిగా లేచి తల నిండిపోయింది.

యాదగిరి చేతులు జోడించి ముందుకు వంగాడు. "చెప్పు తల్లీ. ఏం కావాలె నీకు?"

వదినె నుంచి తల్లి కావడం ఎంత తేలికో అనుకుంది సోమమ్మ. ఇంతమంది ఎదుట, ఇంత నిశ్శబ్దంగా, తన మాట వినడానికి ఎవరూ ఎప్పుడూ నిలబడలేదు. మళ్లీ నిలబడరు. చెప్పేసింది.

"నేను ఏ తల్లిని కాదుర. నా చెవుల దేవత లేదు. బండ పేల్చినవ్ నువ్వు. డబ్బా కొట్టనియ్యలే. ప్లాట్లు అమ్ముడుపోవని డబ్బా కొట్టనియ్యలే! నేనొస్తున్న అటుదిక్కు. నా చెవులు కాల్చినవ్. నీ లాభం కోసం నా తల్కాయల ఈ మోత పెట్టినవ్. చెప్పు, గీ అందరి ముంగట చెప్పు, చేసినవా లేదా?"

వెంటనే ఐలమ్మ గొంతు చీల్చుకుని లేచింది.

"విన్నరా! తల్లి కోపానికొచ్చింది! ఆమె ఉన్న బండ పేల్చిండంట! ఆమెకు చెప్పకుంట పేల్చిండంట!"

జనం గొల్లుమన్నారు. పెద్దవాళ్లు లెంపలు వేసుకున్నారు. "నేను సోమమ్మను, సోమమ్మను!" అని ఆమె అరుస్తూనే ఉంది. దేవత ఎవరి ఒంట్లోకి వస్తే వాళ్ల పేరే చెప్తుందని ఎవరో పక్కవాళ్లకు తెలియజెప్పారు. యాదగిరి ముఖం తెల్లబోయింది. అతనికది నిజంగా భయమో, లెక్కో, ఆ ఎల్లమ్మకే తెలియాలి. దభాలున సోమమ్మ కాళ్ల మీద పడ్డాడు.

"తప్పయింది తల్లీ! పేల్పించిన, నేనే పేల్పించిన! డబ్బా కొట్టద్దని నేనే అన్న! నా లాభం చూసుకున్న, నీ పానం చూడలే! కడుపుల పెట్టుకో తల్లీ, గీడనే నీకు పక్కా గుడి కట్టిస్త, కమాను కట్టిస్త!"

ఏడుస్తున్నాడు. కన్నీళ్లు ఆమె పాదాల మీద పడుతున్నాయి, వెచ్చగా. ఏ మాట కోసం ఇన్నాళ్లు కాచుకుందో ఆ మాట అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. ఆమెకు తప్ప అందరికీ చేరింది. డప్పులు మళ్లీ మోగాయి.

మర్నాడు పొద్దున యాదగిరి ఎప్పటిలాగే వాకిట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "వదినె, చాయ్ పెడ్తవా జర?"

సోమమ్మ చాయ్ ఇచ్చి ఎదురుగా నిలబడింది. "నిన్న అన్నవ్ గదా, నువ్వే పేల్పించినవని."

"అన్న."

"గదే మాట ఇయ్యాల నాతోని అను."

యాదగిరి చాయ్ ఊదుకున్నాడు. "నీతోని ఏమంటా వదినె? తల్లికి మొక్కుకున్న, తల్లి మాఫీ ఇచ్చింది. అయిపాయె గదా." గ్లాసు కింద పెట్టి, "మేస్త్రీ ఒస్తుండు. కమాను పక్కన నాలుగు మల్గీలు గిట్ల పడ్తయా చూద్దామని" అన్నాడు.

పాండురంగం బర్రెను విప్పుకుని అటు పోయాడు.

సోమమ్మ నేరుగా శేషారత్నం ఇంటికి నడిచింది. ఆవిడ గుమ్మంలోనే ఎదురైంది. చేతిలో పళ్లెం, అందులో కొబ్బరికాయ, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ. సోమమ్మను చూసి తడబడింది.

"గుడికా రత్నమ్మా?"

"మీ దగ్గరికే వస్తున్నాను వదినా..."

"నువ్వు గూడనా? డాక్టరు చెప్పింది విన్నవ్ గదా. నీ చెవులతోని విన్నవ్."

"విన్నానండీ. కాదనడం లేదు." శేషారత్నం కళ్లు దించుకుంది. "కాని నిన్న ఆయన అలా పడిపోయి ఏడుస్తుంటే... మా అమ్మాయికి కడుపు నిలవడం లేదు కదా, మీకు తెలుసు. ఎందుకైనా మంచిదని." పళ్లెం కింద పెట్టి సోమమ్మ కాళ్లకు పసుపు రాసింది. సోమమ్మ కాళ్లు వెనక్కి లాక్కోలేదు. ఆ పిల్ల సంగతి ఆమెకు తెలుసు. కసిరి పొమ్మనడానికి నోరు రాలేదు, దీవించడానికి అంతకన్నా రాలేదు.

పసుపు కాళ్లతోనే చౌరస్తాకు నడిచి కోఠి బస్సు ఎక్కింది. ఇంజను పక్క సీటు ఖాళీగానే ఉంది. కూర్చుని మూత మీద అరచెయ్యి ఆనించింది. అదురు మోచేతి దాకా పాకింది, కీ మెల్లగా మునిగింది. మొట్టమొదటిసారి ఆ పొద్దున ఊపిరి వదిలింది.

దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో జనం ఎక్కారు. అందులో ఒకామె సోమమ్మ ముఖం చూసి, కాళ్ల పసుపు చూసి, పక్కామెను పొడిచింది. "గోపయ్య కాలనీ ఎల్లమ్మనే! నిన్న నేనక్కడున్న!" గుసగుస కండక్టరు దాకా పోయింది. కండక్టరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, టికెట్టు వద్దన్నాడు. వెనక నుంచి మనుషులు ముందుకు తోసుకొచ్చారు. ఒకామె మోకాళ్ల నొప్పులంది, ఒకాయన నౌకరీ అన్నాడు.

డ్రైవరు అద్దంలో ఇదంతా చూశాడు. మెడలో తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తల్లి మాట్లాడితే బండి చప్పుడులో వినపడదేమోనని, ఎంతో భక్తిగా ఇంజను ఆపేశాడు.

బస్సంతా నిశ్శబ్దం. చేతి కింద మూత చల్లబడుతోంది. కీ లేచింది.

"తల్లీ, ఒక్క మాట చెప్పు" అన్నాడు డ్రైవరు, సీట్లో వెనక్కి తిరిగి, కళ్లనిండా నీళ్లతో.

"బండి నడుపు బిడ్డా" అంది సోమమ్మ. "ఆపకు. నీకు దండం పెడత, నడుపు."

అతను ఆ మాటను కళ్లకద్దుకున్నాడు. "విన్నరా?" అన్నాడు కండక్టరుతో. "ఆపకుంట నడుపుమంటుంది తల్లి. నాకు ప్రమోషనొస్తది." అందరూ మళ్లీ ఒకసారి మొక్కేదాకా ఆగి, అప్పుడు తాళం తిప్పాడు.